మందు కాని సీసా

నిషాత్‌కి ఏడో ఏడు నడుస్తోంది. తొంభై తొమ్మిదో సంవత్సరం, ఎండలు ఇంకా తగ్గలేదు. విజయవాడ డాక్టరు గారు రాసిచ్చిన కాగితాలు పట్టుకుని వాళ్ళమ్మ జమీలాబీ ఎదురింటి మెట్లెక్కింది.

ఆ మేడ మీద వాటాలో ప్రమీలారాణి గారు అద్దెకుంటారు. నందిగామ కాలేజీలో జువాలజీ లెక్చరరు. పొద్దున్నే జగ్గయ్యపేటలో బస్సెక్కి వెళ్తే మళ్ళీ ఐదున్నరకే రావడం. జాకెట్లన్నీ జమీలాబీ దగ్గరే కుట్టించుకుంటుంది గనక ఇద్దరికీ చనువుంది. జమీలాబీ ఏడో తరగతి దాకా తెలుగులోనే చదివింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలదు గాని, డాక్టర్ల రాత చదవడం ఆమె వల్ల కాదు. ఏ కాగితం వచ్చినా మేడం దగ్గరికే తెచ్చేది.

నిషాత్ పుట్టిన రెండో రోజే పచ్చబడింది. పసికామెర్లే, పొద్దుటి ఎండలో పడుకోబెట్టండి అన్నారు. పడుకోబెట్టారు. తగ్గలేదు. పసరు పోయించారు, తాయెత్తు కట్టించారు, ఎవరో చెబితే చేతి మీద వాత కూడా వేయించారు. మూడు నాలుగు నెలలకోసారి పిల్ల మొహం పాలిపోయి, నాలుగడుగులు వేస్తే చాలు ఆయాసపడేది. అప్పుడు విజయవాడ తీసుకెళ్ళి రక్తం ఎక్కించుకొచ్చేవాళ్ళు. నిషాత్‌కి ముందొక మగపిల్లాడు పుట్టి, ఇలాగే పచ్చబడి, ఏడాదిన్నరకి పోయాడు. అందుకని పిల్ల కళ్ళు కాస్త పచ్చగా కనిపిస్తే చాలు, జమీలాబీకి మిషను మీద కాలు ఆడేది కాదు.

ప్రమీలారాణి కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ చివరి దాని దగ్గర ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

“ఏం రాశారండీ మేడం? పెద్ద జబ్బా?”

“ఆ పరీక్షలూ ఈ పరీక్షలూ అన్నీ చేశారు జమీలా, ఏమీ తేలలేదు. ఆఖర్న ఒక అనుమానం రాశారు. ఒంట్లో ఉండాల్సిన ఎంజైము ఒకటి తక్కువుందేమోనని. ఆ పరీక్ష ఇక్కడ లేదట, బొంబాయి పంపాలట.” కాగితం మీద పేరు చూపిస్తూ, “పైరువేట్ కైనేజ్. ఈ పేరు నాకు బాగా తెలుసు. మా ల్యాబులో ఫ్రిజ్‌లో ఉంటుంది,” అంది.

జమీలాబీకి ఆ మాట అర్థం కాలేదు. పిల్ల ఒంట్లో ఉండాల్సింది ఫ్రిజ్‌లో ఎందుకుంటుంది?

ప్రమీలారాణి వివరంగా చెప్పింది. పత్తి చేలల్లో కొట్టిన పురుగుమందు వానకి కొట్టుకొచ్చి మునేటిలో కలుస్తుంది. ఆ నీళ్ళలో బతికే చేపల కండ ఎలా దెబ్బతింటుందో ఆవిడ రెండేళ్ళుగా చూస్తోంది. ఆ పనికోసం శుద్ధి చేసిన ఎంజైములు, చిన్న చిన్న సీసాల్లో, ఐసు పెట్టిన థర్మోకోల్ డబ్బాలో బొంబాయి నుంచి వస్తాయి. చేపకైనా మనిషికైనా బలం వచ్చేది చక్కెర అరగడం వల్లే. ఆ అరగడం ఒక్కసారిగా జరగదు, పది మెట్లు దిగాలి. మెట్టుకో ఎంజైము. పదో మెట్టుది ఇది. ఇది లేకపోతే ఎర్రకణానికి బలం చాలక, నాలుగు నెలలు బతకాల్సింది నాలుగు రోజులకే చితికిపోతుంది. చితికిన రక్తమే కళ్ళలో పచ్చగా కనిపిస్తుంది.

“మీరు చూడగలరా మేడం, మా పాపకి ఉందో లేదో?”

“నేను డాక్టర్ని కాదమ్మా. చేపల్లో చూసేదాన్ని. పద్ధతి మాత్రం ఒకటే.” కాగితాలు మడిచి ఇస్తూ, “చూస్తాను. కాకపోతే నేను చెప్పిందే ఖాయం అనుకోకూడదు,” అంది.

ఆ వారంలోనే, మెయిన్ బజారు వెనక సందులో ప్రాక్టీసు పెట్టుకున్న ఆర్ఎంపీ వరప్రసాదరావు గారు నలుగురి దగ్గరా రక్తం తీశాడు. నిషాత్, జమీలాబీ, ఆమె భర్త జాన్‌బాషా, పోల్చి చూసుకోడానికి ప్రమీలారాణి. ఆ నాలుగు గొట్టాలూ ఐసు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని, బస్సులో ఒళ్ళో పట్టుకుని కూర్చుని తీసుకెళ్ళింది ఆవిడ.

మూడో రోజు సాయంత్రం వచ్చి జమీలాబీ వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది. జాన్‌బాషా ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. ముక్త్యాల నుంచి హైదరాబాదుకి సిమెంటు లోడు తోలతాడు. గరికపాడు దగ్గర లారీ చెడి రాత్రంతా ఆగిపోయి, అప్పుడే వచ్చి స్నానం చేశాడు.

“నా రక్తంలో పది పాళ్ళు ఉందనుకోండి,” అంది ప్రమీలారాణి. “పాపలో ఒకటిన్నరకి మించి లేదు.”

“మరి మాలో అండీ?” అన్నాడు జాన్‌బాషా.

“మీ ఇద్దరిలోనూ సగం సగం ఉంది. సగం ఉన్నవాళ్ళకి ఏ ఇబ్బందీ ఉండదు, తెలియను కూడా తెలియదు. ఇద్దరి దగ్గర్నుంచీ లేని సగమే బిడ్డకి వస్తే ఇలా అవుతుంది. దగ్గర సంబంధాల్లో అలా జరగడానికి వీలెక్కువ.”

జాన్‌బాషా జమీలాబీకి మేనమామ కొడుకు. చిన్నప్పట్నుంచీ అనుకున్న సంబంధం. అతను లేచి, తలకి కట్టుకున్న తువ్వాలు విప్పి భుజాన వేసుకుని, వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు. చాలాసేపు లోపలికి రాలేదు.

“తప్పు ఎవరిదీ కాదు జమీలా,” అంది ప్రమీలారాణి వెళ్తూ వెళ్తూ. ఆ మాట విన్నప్పట్నుంచీ జమీలాబీకి తప్పు అనేదే మనసులో తిరగడం మొదలెట్టింది. పోయిన పిల్లాడికి కూడా తానే సగం తీసేసిందన్నమాట.

ఒక్కసారి చూసింది చాలదు, ఇంకోసారి చూసి ఆ అంకెలతో విజయవాడ డాక్టరుకి ఉత్తరం రాస్తానంది ప్రమీలారాణి. ఈసారి రక్తం అక్కడే తీయిద్దామని తల్లీ కూతుళ్ళని నందిగామ రమ్మంది. అలా జమీలాబీ మొదటిసారి ఆ ల్యాబులో అడుగుపెట్టింది. పొడుగాటి గది, నల్లటి బల్లలు, గోడవారగా చేపల తొట్లు. అటెండరు దశరథరామయ్య పెద్దాయన. నిషాత్‌ని స్టూలు మీద కూర్చోబెట్టి, తొట్టిలో చేపల పేర్లు చెబుతూ ఆడించాడు.

ప్రమీలారాణి ఫ్రిజ్ తాళం తీసి ఒక సీసా బయట పెట్టింది. బొటనవేలంత ఉంది. అడుగున తెల్లగా, పాలు విరిగినట్టు ఏదో పేరుకుని ఉంది.

“ఇదేనాండీ అది? మా పాపలో లేనిది?”

“అదే.”

“సీసాలో ఉందా, మొత్తం?”

“ఉంది. కుందేలు కండలోంచి తీసి, మిగతావన్నీ పోయేలా శుద్ధి చేసి పంపుతారు.”

“కుందేలు మేం తినొచ్చండీ,” అంది జమీలాబీ చప్పున.

ఆమె ఏమంటోందో ప్రమీలారాణికి అప్పుడు అర్థమైంది. సీసా తిప్పి దాని మీది చిన్న అక్షరాలు వేలుపెట్టి చూపించింది. “ఇక్కడ ఏముందో చూడు. పరిశోధనకి మాత్రమే, మనుషులకి గాని పశువులకి గాని వాడకూడదు అని రాసుంది. ఇది మందు కాదు జమీలా. ఒంట్లోకి ఎక్కిస్తే కణం లోపలికి పోదు, బయటే తిరుగుతుంది. పాడవకుండా ఇందులో ఘాటైన ఉప్పు కలుపుతారు. అది నరంలోకి వెళ్తే పిల్ల దక్కదు. నీకు అర్థమైందా?”

“అర్థమైందండి.”

అర్థం కాలేదు. ఆమెకి అర్థమైందల్లా ఒకటే. తొట్లో ఈదే చేపలకి పెట్టి చూడ్డానికి ఆ వస్తువు బొంబాయి నుంచి ఐసులో పెట్టుకుని వస్తుంది. తన కడుపున పుట్టినదానికి మాత్రం పనికిరాదట. చదువుకున్నవాళ్ళు తమకి కావలసిన వస్తువు గురించి అలాగే చెబుతారు అనుకుంది. మేడం మంచిదే, ఎంత మంచిదైనా పిల్ల ఆవిడది కాదు.

సీసా మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేశాక, పదకొండింటికి కరెంటు పోయింది. ఫ్రిజ్ చల్లదనం తగ్గకుండా ఐసు తెస్తానని దశరథరామయ్య సంచి తీసుకుని బస్టాండు వైపు వెళ్ళాడు. కాసేపటికి ప్రిన్సిపాల్ గారు పిలుస్తున్నారని ప్రమీలారాణికి కబురొచ్చింది. “ఐదు నిమిషాల్లో వస్తా,” అని వెళ్ళింది. తాళంచెవి ఫ్రిజ్ తలుపుకే ఉంది. నిషాత్ అటు తిరిగి చేపల్ని చూస్తోంది.

జమీలాబీ జీవితంలో ఎవరి గుడ్డముక్క కూడా దాచుకున్న మనిషి కాదు. రెండు గజాలిస్తే మిగిలిన పీలిక కూడా చుట్టి ఇచ్చేస్తుందని పేటలో ఆమెకి పేరు. అలాంటిది, ఆ రోజు తలుపు తీసింది, సీసా అందుకుంది, పిల్ల మంచినీళ్ళ ఫ్లాస్కులో ఐసు ముక్కల మధ్య పెట్టి మూత బిగించింది. రక్తం ఇచ్చి, మేడంకి చెప్పి, పన్నెండున్నర బస్సెక్కింది. చిల్లకల్లు దాటేటప్పుడు నిషాత్ దాహం అంటే, “ఆ నీళ్ళు బాగోలేవమ్మా, ఇంటికెళ్ళి తాగుదువుగాని,” అంది.

నాలుగు గంటలకి వరప్రసాదరావు గారి దగ్గరికి వెళ్ళింది. పేషెంట్లు ఎవరూ లేరు. సీసా ఆయన బల్ల మీద పెట్టి, జరిగింది దాచకుండా చెప్పింది. ఒక్క దొంగతనం మాట తప్ప. మేడమే ఇచ్చిందంది.

ఆయన సీసా వెలుతురుకి పెట్టి చూశాడు. “మనుషులకి వాడొద్దని రాసుందే?”

“విదేశీ సరుకండి. అలాగే రాస్తారట. డాక్టర్ గారూ, ఏడేళ్ళుగా మీరు చూస్తూనే ఉన్నారు. వేరేవాళ్ళ రక్తం తెచ్చి ఎక్కిస్తున్నాం గదా, అది మాత్రం దానిదా? లేనిదేదో తెలిసింది. ఉన్నది ఇదిగో. ఒక్కసారి వేసి చూడండి.”

ఆయన మెత్తని మనిషి. కాదని గట్టిగా అనలేడు, సరేననడానికి ధైర్యం చాలదు. పెన్సిలిన్ ఇచ్చేముందు చేసినట్టు, ముందు చర్మం కింద ఒక్క చుక్క వేసి చూద్దాం అన్నాడు. సిరంజిలోకి ఎక్కించి, “పాపని ఇలా కూర్చోబెట్టు,” అన్నాడు.

నిషాత్ బల్ల ఎక్కింది. ఏడేళ్ళ పిల్ల, సూదులకి అలవాటు పడిపోయి, ఎవరూ చెప్పకుండానే గౌను చెయ్యి పైకి లాక్కుని మొహం అటు తిప్పుకుంది. ఆ చెయ్యి చాపిన తీరు చూసేసరికి జమీలాబీ సూదికి అడ్డంగా తన చెయ్యి పెట్టింది.

“ఆగండి. ముందు నాకు వెయ్యండి.”

“నీకెందుకమ్మా?”

“నాలోనూ సగం లేదుగా. నాకు వేసి, ఏమీ కాకపోతే పాపకి.”

ఆయన ఆమె ఎడమ ముంజేతి మీద వేశాడు. సూది తీసేలోపే నిప్పు అంటుకున్నట్టయింది. జమీలాబీ పళ్ళు బిగబట్టింది. ఐదు నిమిషాలకి అణాబిళ్ళంత ఎర్రబడింది. అరగంటకి మోచేతిదాకా వాచింది. వరప్రసాదరావు చెమటలు కక్కుతూ రెండు ఇంజెక్షన్లు చేసి, రాత్రికి ఆయాసం వస్తే వెంటనే విజయవాడ వెళ్ళమన్నాడు. “పాపకి వేసుంటే ఏమయ్యేదో!” అని నాలుగైదుసార్లు తనలో తనే అనుకున్నాడు.

మూడు రోజులు ఒళ్ళు తెలియని జ్వరం. సూది వేసినచోట బొబ్బ లేచి, పగిలి, చర్మం నల్లగా చచ్చిపోయింది. కుక్కర్ ఆవిరి తగిలిందని జాన్‌బాషాకి చెప్పింది. అతను లోడు మానుకుని ఇంట్లో ఉండి, వండి పెట్టాడు. మంచం మీద పడుకుని జమీలాబీ ఒకటే ఆలోచించింది. చర్మం కింద ఒక చుక్కకే ఇలా అయింది. ఆ సిరంజి నిండా పిల్ల నరంలోకి ఎక్కించమని అడగడానికేగా తను వెళ్ళింది. మేడం చెప్పిందంతా, మాటకి మాట, నిజమే. ఆవిడ దాచుకోలేదు. తనే వినలేదు.

నాలుగో రోజు ప్రమీలారాణి చూడ్డానికొచ్చింది. మొహం వాడిపోయి ఉంది. చేతికి కట్టు చూసి ఏమైందని అడిగింది. జమీలాబీ అదే అబద్ధం చెప్పింది.

“మా ల్యాబులో ఒక సీసా పోయింది జమీలా. తాళం రామయ్య గారి దగ్గరుంటుంది గనక ప్రిన్సిపాల్ గారు ఆయనకి మెమో ఇచ్చారు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు. ఇది తేలకపోతే పెన్షను ఆగిపోతుంది. ముప్పై ఏళ్ళలో ఒక్క గాజుగొట్టం పోనివ్వని మనిషి. నేనే తాళం వదిలేసి వెళ్ళానని చెప్పినా వినడం లేదు.”

జమీలాబీ ఆవిడ మంచం పట్టె మీద పెట్టిన చేతినే చూస్తూ పడుకుంది. ఆవిడ వెళ్ళిపోయింది.

తెల్లారి జమీలాబీ భర్తకి మొత్తం చెప్పింది. జాన్‌బాషా కోప్పడతాడనుకుంది. అతను కట్టు విప్పి గాయం చూశాడు. మళ్ళీ తనే కట్టు కట్టాడు. “పద, నేనూ వస్తా,” అన్నాడు. “వద్దు, నేనే వెళ్తా,” అంది.

నందిగామలో ఆమె ముందు వెళ్ళింది దశరథరామయ్య దగ్గరికే. ఆయన కుళాయి కింద గాజుగొట్టాలు కడుగుతున్నాడు. ఆమె ఫ్లాస్కులోంచి మిగిలిన సీసా తీసి గట్టు మీద పెట్టింది. “నేనే తీశా పెద్దయ్యా,” అంది.

ఆయన కుళాయి కట్టేశాడు. సీసా వంక చూశాడు. సగం ఖాళీ. తర్వాత ఆమె వంక చూశాడు. ఆయన మొహంలో రంగు పోయింది.

“పాపకి ఎక్కించలేదు గదా?”

మెమో గురించి అడగలేదు, పెన్షను గురించి అడగలేదు. మొదట అడిగింది అదే. జమీలాబీ అక్కడే తడి నేల మీద కూలబడి ఏడ్చింది. బిడ్డ పోయినప్పుడు కూడా ఆమె అంత గట్టిగా ఏడవలేదు.

ప్రిన్సిపాల్ గదిలో తెల్లకాగితం మీద తెలుగులో రాసిచ్చింది. ఎప్పుడు తీసింది, ఎలా తీసింది, ఎందుకు తీసింది. ఆయన చదివి ఆ కాగితం ఫైల్లో పెట్టాడు. పోలీసుల దాకా వెళ్ళలేదు. దశరథరామయ్యకిచ్చిన మెమో వెనక్కి తీసుకున్నాడు. కాని కాలేజీ ల్యాబులో మనుషుల రక్తం పరీక్షించడమేమిటని ప్రమీలారాణికి సంజాయిషీ నోటీసు ఇచ్చాడు. అనుమతి లేకుండా చేసిన మాట నిజమే గనక ఆవిడ కాదనలేదు. మరుసటి ఏడాది ఆవిడ చేపల ప్రాజెక్టు రద్దయింది. తొట్లు ఖాళీ చేశారు.

ఆ రోజే వరండాలో ఆవిడ జమీలాబీకి ఎదురుపడింది.

“నీకు వేలుపెట్టి చూపించా గదా జమీలా.”

“చూపించారండి.”

“నేను అబద్ధం చెబుతానని ఎలా అనుకున్నావు?”

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. ఆ తర్వాత ప్రమీలారాణి జాకెట్లు వేరేచోట కుట్టించుకుంది. వీధిలో కనిపిస్తే తలాడించేది, అంతే. ఏడాది తిరక్కుండా ఇల్లు నందిగామ మార్చేసింది.

అయినా రాస్తానన్న ఉత్తరం రాసింది. నోటీసు వచ్చిన వారమే, రెండుసార్లు చూసిన అంకెలూ వివరంగా పెట్టి విజయవాడ డాక్టరుకి పంపింది. ఆయన ఆ ఉత్తరం చూపించి, “కాలేజీలో చేసింది లెక్కలోకి రాదు గాని, ఈవిడ దారి మాత్రం చూపించింది,” అన్నాడు. పిల్ల రక్తం బొంబాయి పంపించాడు. అక్కడా అదే తేలింది. దీనికి మందు లేదు, కాని రక్తాన్ని ఎక్కువగా చితక్కొట్టేది ప్లీహం గనక అది తీసేస్తే కొంత నయమని చెప్పి, ముందుగా టీకాలు వేయించి, రెండువేల సంవత్సరం వేసవిలో ఆపరేషను చేయించారు. విజయవాడ డాక్టరుతో జమీలాబీ తన చేతి మచ్చ ఎలా వచ్చిందో కూడా చెప్పింది. ఆయన తిట్టలేదు. “దీని గురించి నలుగురికీ చెప్పమ్మా,” అన్నాడు.

ఆపరేషను తర్వాత నిషాత్‌కి రక్తం ఎక్కించడం బాగా తగ్గింది. ఏడాదికి ఒకసారి, ఒక్కో ఏడాది అదీ లేదు. బడికి వెళ్ళింది. పరుగెత్తే ఆటలకి పోయేది కాదు. కళ్ళలో పచ్చదనం మాత్రం ఎటూ పోలేదు. జమీలాబీ, జాన్‌బాషా ఇక పిల్లలు వద్దనుకున్నారు.

రెండువేల ఏడులో జమీలాబీ అక్క కూతురిని జాన్‌బాషా అన్న కొడుకు రెహమాన్‌కి ఇవ్వాలని పెద్దలు కూర్చున్నారు. అందరూ సరేనన్నాక జమీలాబీ లేచి, “ముందు ఇద్దరి రక్తం చూపించండి,” అంది. అక్క మొహం మాడ్చుకుంది. శుభమా అని మాట్లాడుకుంటుంటే ఆసుపత్రి మాటలేమిటని పెద్దాయనొకరు కసురుకున్నాడు. అప్పుడు జాన్‌బాషా, ఇలాంటి చోట్ల ఎప్పుడూ నోరు మెదపనివాడు, కూర్చున్నచోటే అన్నాడు:

“మాకిద్దరు పుట్టారు. ఒకడిని నేనే భుజాన వేసుకుని తీసుకెళ్ళా. ఆ పని ఈ కుర్రాడికి రాకూడదు. చూపించండి.”

ఇద్దరి రక్తం హైదరాబాదు పంపారు. రెహమాన్‌కి సగమే ఉంది. అమ్మాయికి పూర్తిగా ఉంది. భయం లేదన్నారు. పెళ్ళి అయింది.

ఆ ఫలితం వచ్చిన రోజున జమీలాబీ ఆ సంగతీ పెళ్ళి కబురూ రాసి నందిగామలో మేడంకి ఒక కార్డు వేసింది. జవాబు రాలేదు. పెళ్ళికి రెండు రోజుల ముందు మాత్రం ప్రమీలారాణి బస్సు దిగి వచ్చింది. తల నెరిసింది. నిషాత్‌ని దగ్గరికి తీసుకుని కింది రెప్ప లాగి చూసింది, పదో తరగతి సైన్సులో ఎన్ని మార్కులని అడిగింది. నలభై రెండు అంది నిషాత్, సిగ్గుపడుతూ. “ఫరవాలేదులే,” అంది ఆవిడ. జమీలాబీ టీ తెచ్చి ఇస్తే తాగింది.

పెళ్ళినాడు నిషాత్ పొద్దున్నుంచీ పెళ్ళికూతురికి గోరింట పెడుతూ, వచ్చినవాళ్ళకి నీళ్ళందిస్తూ తిరిగి, మధ్యాహ్నం భోజనాల వేళకి అలిసిపోయింది. వెనకగదిలో చాప మీద గోడకి తిరిగి పడుకుంది. జమీలాబీ పళ్ళెంలో బిర్యానీ పెట్టుకుని వెళ్ళి పక్కన కూర్చుని, పిల్ల లేచేదాకా ఆ పళ్ళెం మీద ఈగలు వాలకుండా విసురుతూ ఉండిపోయింది.